ఆ 22 శాతం ఎక్కడికి పోయింది? ఎముక కణాలు, 50 హెర్ట్జ్ ఫీల్డ్: ఒక కేస్ స్టడీ

మా రీసెర్చ్ స్టూడెంట్ ప్లేట్ రీడర్ (కణాల ప్లేట్లలో రంగు ఎంత ఉందో కొలిచే యంత్రం) ప్రింటవుట్ పట్టుకుని దాదాపు పరిగెత్తుకుంటూ వచ్చింది. "మేడం, 22 శాతం పెరిగింది. మూడు ప్లేట్లలోనూ అదే వరస" అంది. 50 హెర్ట్జ్ అయస్కాంత క్షేత్రంలో మూడు రోజులు ఉంచిన ఎముక కణాలు, పోలిక కోసం ఫీల్డ్ లేకుండా ఉంచిన కంట్రోల్ కణాలకంటే అంత ఎక్కువగా పెరిగాయని ఆ కాగితం చెబుతోంది. కాయిళ్లు చుట్టడం, కణాలు పెంచడం, పాడైతే పారేసి మళ్లీ పెంచడం, నెలల తరబడి ఇదే పని, కాబట్టి ఆ అంకె చూడగానే నాకూ చాలా సంతోషమేసింది. ఆ సంతోషంలోనే ఒక మాట అడిగాను. "కంట్రోల్ ప్లేట్లు ఎక్కడ పెట్టావమ్మా?"

"పక్క ఇంక్యుబేటర్లో మేడం. ఫీల్డ్ తగలకూడదని."

ఇంక్యుబేటర్ అంటే కణాలని 37 డిగ్రీల దగ్గర వెచ్చగా ఉంచే పెట్టె. అసలు కేసు ఆ జవాబు దగ్గర మొదలైంది. ఆ 22 శాతంలో ఫీల్డ్ వాటా ఎంత, ఫీల్డ్ కానివాటి వాటా ఎంత అని తేల్చుకోవడానికి మాకు ఇంకో ఏడాది పట్టింది. ఆ ఏడాదిలో జరిగింది జరిగినట్టు ఇక్కడ రాస్తున్నాను. ఈ రంగంలోకి కొత్తగా వచ్చేవాళ్లు సరిగ్గా ఇక్కడే జారిపడతారు, వాళ్ల ఏడాదైనా మిగలాలన్నది నా కోరిక.

ముందు ఎముకకీ కరెంటుకీ సంబంధం ఏమిటో రెండు ముక్కల్లో చెప్పాలి. 1957లో జపాన్‌లో ఫుకాదా, యసుదా అనే ఇద్దరు ఎండిన ఎముకను వంచితే అందులో విద్యుత్తు పుడుతుందని చూపించారు. తడి ఎముకలో, అంటే మన ఒంట్లో ఉన్న ఎముకలో, దీనికి ప్రధాన కారణం వేరే అని తర్వాత తేలింది. బరువు పడ్డప్పుడు ఎముకలోని సన్నటి కాలువల్లో ద్రవం కదులుతుంది, ఆ ద్రవంలోని అయాన్ల కదలికే చిన్న వోల్టేజీ పుట్టిస్తుంది. సరే, బరువు పడితే కరెంటు పుడుతోంది, బరువు పడితే ఎముక పెరుగుతోంది, మరి బరువు లేకుండా కరెంటు మాత్రమే ఇస్తే? ఈ ప్రశ్న పట్టుకుని 1974లో బాసెట్, పాలుక్, పిల్లా బీగిల్ కుక్కల కాలి ఎముక మీద, చర్మం కోయకుండా, బయట నుంచి కాయిళ్లతో అయస్కాంత పల్సులు (ఆగి ఆగి వచ్చే తోపులు) ఇచ్చి మాన్పు మెరుగుపడిందని 'సైన్స్' పత్రికలో ప్రచురించారు. 1979లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ అతుక్కోని ఎముకలకి ఈ పద్ధతిని అనుమతించింది. అప్పటినుంచి కణాల స్థాయిలో ఏం జరుగుతోందన్న పరిశోధన ఆగలేదు. 2001లో బ్రైటన్ బృందం చూపించిన విషయం నాకు చాలా ఇష్టం: కాయిల్ ద్వారా ఇచ్చే ఫీల్డ్, కణం బయటి కాల్షియాన్ని లోపలికి లాగడం కంటే, కణం లోపలే దాచుకున్న నిల్వల నుంచి కాల్షియాన్ని విడుదల చేయిస్తుందట. అదే ఎలక్ట్రోడ్ పలకలతో ఇచ్చే ఫీల్డ్ అయితే కణం గోడలోని కాల్షియం చానళ్ల గుండా పని చేస్తుంది. రెండు దారులూ చివరికి కాల్మోడ్యులిన్ అనే, కాల్షియాన్ని పట్టుకునే ప్రోటీన్ దగ్గరే కలుస్తాయి.

అంటే ప్రభావం ఉండదని నేనేమీ ముందే తీర్మానించుకుని కూర్చోలేదు. ఉందనే నమ్మి మొదలుపెట్టాను.

మొదట కట్టింది

కణాలు ఎంసీ3టీ3-ఈ1. చిట్టెలుక పిల్ల పుర్రె ఎముక నుంచి తీసిన లైన్ ఇది, పూర్తి ఆస్టియోబ్లాస్టులుగా, అంటే ఎముక కట్టే కణాలుగా, మారడానికి సిద్ధంగా ఉండే కణాలు, ఈ రంగంలో అందరూ వాడేవే. మామూలుగా పెంచేటప్పుడు మీడియంలో, అంటే కణాలు పెరిగే పోషక ద్రవంలో, ఆస్కార్బిక్ యాసిడ్ (విటమిన్ సి) ఉండకూడదు, ఉంటే కణాలు పెరగడం తగ్గించి ఎముక తయారుచేసే పనిలోకి దిగిపోతాయి. ఆ పనిలోకి దింపాలనుకున్నప్పుడు మనమే ఆస్కార్బిక్ యాసిడ్, బీటా గ్లిసరోఫాస్ఫేట్ కలుపుతాం. ఈ తేడా గుర్తుంచుకోండి, తర్వాత పనికొస్తుంది.

ఆరు వెల్స్ (గుండ్రటి గుంటలు) ఉన్న ప్లేట్లు. 15 సెంటీమీటర్ల వ్యాసార్థంతో రెండు హెల్మ్‌హోల్ట్జ్ కాయిళ్లు (మధ్యలో ఫీల్డ్ సమానంగా ఉండేలా ఎదురెదురుగా పెట్టే జంట), ఒక్కోదానికి 200 చుట్లు, రెండింటి మధ్య దూరం వ్యాసార్థమంతే. ఒక ఆంపియర్ పంపితే మధ్యలో సుమారు 1.2 మిల్లీటెస్లా వస్తుంది. భూమి సహజ ఫీల్డ్ 0.025 నుంచి 0.065 మిల్లీటెస్లా మధ్య ఉంటుంది కాబట్టి దానికి కొన్ని పదుల రెట్లు. కాయిళ్లని ఇంక్యుబేటర్ మధ్య అరలో పెట్టి, వాటి నడుమ ప్లేట్లు పెట్టాం. మూడు రోజుల తర్వాత ఎంటీటీ పరీక్ష (బతికున్న కణాలు ఒక రసాయనాన్ని ఊదారంగుకి మార్చడం మీద నడిచేది), ఊదారంగు స్ఫటికాలు కరిగించి 570 నానోమీటర్ల దగ్గర రీడింగ్.

కంట్రోల్ ప్లేట్లు పక్క ఇంక్యుబేటర్లో. అదే కంపెనీ, అదే మోడల్, డిస్‌ప్లే మీద రెండింటికీ 37.0 అనే కనబడుతుంది. ఇంకేం కావాలి అనిపిస్తుంది కదా? నాకూ అలాగే అనిపించింది, ఆ డిజైన్ మీద సంతకం పెట్టింది నేనే.

వేడి

ప్రింటవుట్ వచ్చిన మర్నాడు ఉదయం ఒక వెల్‌లో కణాలు లేకుండా మీడియం మాత్రం పోసి, అందులో ఉష్ణోగ్రత కొలిచే సన్నటి థర్మిస్టర్ ముంచి, కాయిల్ ఆన్ చేసి వదిలేశాం. రెండు గంటలయ్యేసరికి మీడియం 38.1 దగ్గర నిలబడింది. ఇంక్యుబేటర్ డిస్‌ప్లే మాత్రం 37.0 అనే చెబుతోంది. దాని సెన్సర్ పైన వెనక గోడకి ఉంది, మా ప్లేట్ కాయిళ్ల మధ్యన ఉంది.

ఇది ముందే లెక్కేసుకోవలసింది. రెండు కాయిళ్లలో కలిపి 377 మీటర్ల తీగ ఉంది. మేం వాడిన 0.8 మిల్లీమీటర్ల రాగి తీగకి ఆ పొడవున నిరోధం 12.5 ఓమ్‌ల చుట్టూ వస్తుంది, ఒక ఆంపియర్ పంపితే 12.5 వాట్ల వేడి. మూసిన పెట్టెలో ఒక చిన్న బల్బు వెలిగించి పెట్టినట్టే. ఇంకో సంగతి, మామూలు ఇంక్యుబేటర్‌కి వేడి చేయడమే తెలుసు, చల్లబరచడం తెలీదు. లోపల వేరే వేడి పుడితే అది చేయగలిగింది తన హీటర్ ఆపేసుకుని గోడల గుండా వేడి పోయేదాకా ఎదురుచూడటమే. గది కాస్త వెచ్చగా ఉంటే అదీ పోదు.

ఒక్క డిగ్రీయే కదా అనకండి. మూడు రోజుల్లో రెండు మూడుసార్లు విభజన చెందే కణానికి ఒక డిగ్రీ అంటే ఆ మూడు రోజులూ దాని ఎంజైములన్నీ వేరే వేగంతో నడిచినట్టు. పైగా ఎంటీటీ కణాలని లెక్కపెట్టదు, కణాల్లో జరుగుతున్న జీవక్రియ వేగాన్ని చూస్తుంది. సంఖ్య అంతే ఉండి కణం కాస్త చురుగ్గా ఉన్నా రంగు పెరుగుతుంది. దానికి తోడు వేడెక్కిన వెల్‌లో నీరు ఎక్కువ ఆవిరై మీడియం చిక్కబడుతుంది, అది ఇంకో మార్పు. ఒక్క తప్పులో మూడు తప్పులు దాగి ఉన్నాయన్నమాట, మూడూ ఫీల్డ్ ఖాతాలోకే వెళ్లిపోయాయి.

మా స్టూడెంట్ మొహం చూస్తే బాధేసింది. "అయితే మొత్తం పోయినట్టేనా మేడం?" అంది. పోలేదమ్మా, ఇప్పుడే మొదలైంది అన్నాను. సర్ది చెప్పడానికి అన్న మాట కాదది, నిజంగానే అలా అనిపించింది.

వణుకు

వేడి సంగతి తేలాక ఇంకేమైనా ఉందా అని వెతకడం మొదలుపెట్టాం. కాయిల్ ఆన్ చేసి ఇంక్యుబేటర్ తలుపు తెరిస్తే సన్నటి గుంయ్‌మనే శబ్దం వస్తోంది, ఇన్నాళ్లూ వింటూనే ఉన్నాం, పట్టించుకోలేదు. ఒకే దిశలో కరెంటు ప్రవహించే చుట్లు ఒకదాన్నొకటి లాక్కుంటాయి. కరెంటు ఎటు తిరిగినా ఆ లాగుడు ఒకే వైపు ఉంటుంది కాబట్టి 50 హెర్ట్జ్ కరెంటుకి కాయిల్ సెకనుకి 100 సార్లు వణుకుతుంది. ఆ కాయిల్ ఏ అర మీద కూర్చుందో మా ప్లేట్ కూడా అదే అర మీద ఉంది.

దీన్ని కంటితో చూడటానికి స్టూడెంట్ వేసిన ఎత్తు నాకు భలే నచ్చింది. వెల్‌లో రెండు మిల్లీలీటర్ల నీళ్లు పోసి, లేజర్ పాయింటర్‌ని స్టాండుకి బిగించి వాలుగా నీటి మీద పడేలా చేసి, తిరిగొచ్చే వెలుగు ఎదురుగా గోడకి అంటించిన తెల్ల కాగితం మీద పడేలా చూసింది. కాయిల్ ఆఫ్‌లో ఉన్నప్పుడు కాగితం మీద ఎర్రటి చుక్క, గుండుసూది తలకాయంత, కదలకుండా. స్విచ్ వేయగానే ఆ చుక్క సాగి, దాదాపు వేలి గోరంత గీతగా మారింది. స్విచ్ తీస్తే మళ్లీ చుక్క. ఆమె అలా నాలుగైదు సార్లు వేసి తీసింది, ఇద్దరం మాట్లాడకుండా ఆ కాగితం వైపే చూస్తూ నిలబడ్డాం.

వేరే కణాల సంగతి ఎలా ఉన్నా, ఎముక కణాలకి కదలిక అంటే చాలా లెక్క. పైన ద్రవం కాస్త జరిగినా అవి గుర్తుపట్టి స్పందిస్తాయి, అసలు ఎముక బతికేదే దాని మీద. అలాంటి కణాలని మూడు రోజుల పాటు సెకనుకి వందసార్లు ఊపి, వచ్చిన పెరుగుదలని అయస్కాంత క్షేత్రం వల్ల వచ్చిందని రాయబోయాం.

ఇక మూడోది, ఇంక్యుబేటర్ సొంత ఫీల్డ్. ఫ్యాన్ మోటార్, హీటర్ తీగలు, తలుపు అయస్కాంతం, ఇవన్నీ కలిసి లోపల ఫీల్డ్ పుట్టిస్తాయి. అయస్కాంత క్షేత్రం కొలిచే గాస్‌మీటర్ ప్రోబ్ పట్టుకుని అరల మీద తిప్పితే వెనక మూలన ఫ్యాన్ దగ్గర పదుల మైక్రోటెస్లాలు, ముందువైపు అందులో చిన్న వాటా. 'ఫీల్డ్ తగలకూడదని' పక్క పెట్టెలో పెట్టిన కంట్రోల్ ప్లేట్లకి కూడా ఏదో ఒక ఫీల్డ్ తగులుతూనే ఉంది, ఎంతో మాకు తెలియకుండా. మేం ఇచ్చే 1.2 మిల్లీటెస్లా ముందు అది చిన్నదే, ఒప్పుకుంటాను, కానీ అతి తక్కువ ఫీల్డుల మీద పనిచేసేవాళ్లకి మాత్రం ఈ ఒక్కటే కొంప ముంచుతుంది.

మళ్లీ కట్టింది

పరిష్కారం కొత్తగా కనిపెట్టక్కర్లేదు, ఎప్పటినుంచో ఉంది. 1992లో కిర్ష్‌వింక్ దీని గురించి వివరంగా రాశారు: కాయిల్‌ని ఒక తీగతో కాకుండా పక్కపక్కనే నడిచే రెండు తీగలతో చుట్టాలి. రెండింట్లోనూ కరెంటు ఒకే దిశలో పంపితే ఫీల్డ్ వస్తుంది. ఒకదాంట్లో దిశ తిప్పేస్తే ఒకదాని ఫీల్డ్‌ని ఇంకోటి రద్దు చేసేస్తుంది. కరెంటు మాత్రం అంతే, కాబట్టి వేడీ అంతే. డమ్మీ కాయిల్ అంటే ఇదీ. స్విచ్ ఆఫ్ చేసి పెట్టిన కాయిల్ డమ్మీ కాదు, పక్క పెట్టెలో ఖాళీ అర అసలే కాదు.

రెండు సెట్లు చుట్టాం, అచ్చం ఒకేలాంటివి, ఒక్కో ఇంక్యుబేటర్లో ఒకటి. కాయిల్‌కి 200 చుట్లనే వందా వందగా విడగొట్టాం. కరెంటు ఒక ఆంపియర్ నుంచి సగానికి తగ్గించాం, ఎందుకంటే ఫీల్డ్ కరెంటుతో పాటు సగమవుతుంది గానీ వేడి నాలుగో వంతుకి పడిపోతుంది. 0.6 మిల్లీటెస్లా, మూడు వాట్ల పైచిలుకు. గదిని ఏసీతో చల్లగా ఉంచాం. థర్మిస్టర్లు రెండు పెట్టెల్లోనూ రోజంతా ముంచే ఉంచాం, వారం రోజులు కణాలు లేకుండా నడిపి, రెండు మీడియాల మధ్య తేడా 0.1 డిగ్రీ లోపు నిలబడిందని చూశాకే కణాలు తీశాం.

వణుకు విషయంలో ఒక చిక్కుంది, ఇది చాలామంది మర్చిపోతారు. డమ్మీ కాయిల్‌లో వేడి సమానమే గానీ వణుకు సమానం కాదు, ఎదురెదురు కరెంట్ల వల్ల రెండు కాయిళ్లూ ఒకదాన్నొకటి లాక్కోవడం పోతుంది. అందుకని వణుకుని సమానం చేయడం కాకుండా ప్లేట్‌కి అందకుండా చేయాలి. కాయిళ్లని ఒక ఫ్రేముకి, ప్లేట్‌ని వేరే స్టాండుకి మార్చాం, ఆ స్టాండు కాళ్ల కింద మెత్తటి సిలికాన్ దిళ్లు, ఎక్కడా ఒకటి ఇంకోదాన్ని తాకదు. మళ్లీ లేజర్, మళ్లీ తెల్ల కాగితం. స్విచ్ వేశాం. చుక్క చుక్కగానే ఉంది.

ఆ తర్వాత కోడింగ్, అంటే ఏది ఏదో దాచిపెట్టడం. ఏ పెట్టెలో ఫీల్డ్ నడుస్తోందో, ఏ పెట్టెలో డమ్మీ నడుస్తోందో కణాలు లెక్కపెట్టేవాళ్లకి తెలియకూడదు. స్విచ్ బాక్స్ మీద 'ఏ', 'బి' అని మాత్రమే ఉంటుంది, ఏది ఏదో రాసిన కాగితం కవర్‌లో పెట్టి సీల్ చేసి, ఈ ప్రయోగంతో సంబంధం లేని సహోద్యోగి దగ్గర ఉంచాం. ప్రతి రన్‌కీ పెట్టెలు మారుస్తారు, ఆ మార్పు కూడా ఆయనకే తెలుసు. మైక్రోస్కోప్ కింద హీమోసైటోమీటర్ (కణాలు లెక్కపెట్టే గళ్ల గాజు పలక) గళ్లలో కణాలు లెక్కించేటప్పుడు గీత మీద పడ్డ కణాన్ని లోపలికి వేసుకోవాలా వద్దా అనే చోట మన ఆశ చెయ్యి పెడుతుంది, మనకి తెలియకుండానే. నా చెయ్యి కూడా అందుకు మినహాయింపు కాదు.

ఎంటీటీని పక్కన పెట్టాం. నేరుగా కణాల లెక్క, దానితో పాటు డీఎన్‌ఏ మోతాదు.

ఇంకొక్క మార్పు, నా దృష్టిలో అన్నిటికంటే పెద్దది. మొదటిసారి మూడు ప్లేట్లు, ఒక్కోదాంట్లో ఆరు వెల్స్, మొత్తం 18 అని స్టాటిస్టిక్స్ వేశాం. అది తప్పు. ఒకే రోజు, ఒకే ఫ్లాస్క్ నుంచి తీసి, ఒకే పెట్టెలో పెట్టిన 18 వెల్స్ పద్దెనిమిది సాక్ష్యాలు కావు, ఒకే సాక్షి పద్దెనిమిది సార్లు చెప్పిన మాట. ఆ పెట్టె వేడిగా ఉంటే పద్దెనిమిదీ వేడిగానే ఉంటాయి. రన్‌ని, అంటే వేరే రోజు వేరే ఫ్లాస్క్‌తో మొదట్నుంచీ చేసిన మొత్తం ప్రయోగాన్ని, ఒకటిగా లెక్కేయాలి. ఆరు రన్లు చేద్దామని ముందే రాసి పెట్టుకున్నాం, నాలుగో రన్ దగ్గర ఫలితం బాగుంటే ఆపేసే వీలు లేకుండా.

వచ్చింది

ఆరు రన్లు అయ్యాక కవర్ తెరిచాం. మూడు రోజుల కణాల సంఖ్యలో తేడా లేదు. మూడు రన్లలో ఫీల్డ్ వైపు కాస్త ఎక్కువ, మూడింట్లో డమ్మీ వైపు కాస్త ఎక్కువ. డీఎన్‌ఏ లెక్కలూ అదే మాట చెప్పాయి. ఆ 22 శాతం మొత్తం పోయింది.

మధ్యలో ఒక్కసారి మాత్రం మళ్లీ ఆశపడ్డాం, అది చెప్పి తీరాలి. మారే అయస్కాంత క్షేత్రం మీడియంలో విద్యుత్ క్షేత్రాన్ని పుట్టిస్తుంది, ఫీల్డ్ ప్లేట్‌కి నిలువుగా ఉంటే అది వెల్ నడిమధ్యన సున్నా, అంచు దగ్గర గరిష్ఠం. మా వెల్ వ్యాసార్థానికి, 0.6 మిల్లీటెస్లాకి, అంచు దగ్గర మీటరుకి 2.3 మిల్లీవోల్టులు వస్తుంది. అంటే ప్రభావం ఈ విద్యుత్ క్షేత్రం వల్లే అయితే అంచున కణాలు ఎక్కువ ఉండాలి, మధ్యలో తక్కువ. రెండో రన్‌లో ప్లేట్‌ని రంగు వేసి వెలుతురుకి ఎత్తి పట్టుకుంటే సరిగ్గా అలాగే, అంచు చుట్టూ ముదురు ఊదారంగు వలయం! స్టూడెంట్ ఊపిరి బిగబట్టింది. రెండో ప్లేట్ ఎత్తింది. దాంట్లోనూ అదే వలయం. ఒకటి 'ఏ', ఇంకోటి 'బి'. అది ఫీల్డ్ వల్ల వచ్చింది కాదు, కణాలు పోశాక ప్లేట్‌ని గుండ్రంగా తిప్పే అలవాటు వల్ల వచ్చింది. అలా తిప్పితే కణాలు సమానంగా పరుచుకోవు, ఒకచోట పోగవుతాయి. ముందుకీ వెనక్కీ, పక్కకీ పక్కకీ మెల్లగా జరిపి కాసేపు బయట కదలకుండా ఉంచితే ఆ వలయం పోయింది. డమ్మీ ప్లేట్ లేకపోయి ఉంటే ఆ వలయం ఫోటో పేపర్‌లోకి ఎక్కేదే.

ఇక ఆస్కార్బిక్ యాసిడ్ కలిపి ఎముక తయారీ పనిలోకి దింపిన కణాల సంగతి. వీటిలో పదో రోజు ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ చూశాం, ఎముక తయారీ మొదలైందని చెప్పే ఎంజైమ్ అది. ఆరు రన్లలో ఐదింట్లో ఫీల్డ్ వైపే కొద్దిగా ఎక్కువ, ఒకదాంట్లో తలకిందులు. తేడా చిన్నది, ఇంత చిన్న సంఖ్యతో ఏమీ ప్రకటించను. కానీ పూర్తిగా కొట్టిపారేయను కూడా, ఎందుకంటే పెరుగుదల వేరు, పరిణతి వేరు. కణం ఒకేసారి రెండూ గట్టిగా చేయదు, ఎముక తయారీలోకి దిగిన కణం విభజన తగ్గిస్తుంది. 'ఫీల్డ్ వల్ల ఎముక కణాలు పెరుగుతాయి' అని ఒక పేపరు, 'పెరగవు' అని ఇంకో పేపరు చూసినప్పుడు ముందు చూడాల్సింది ఆ కణాలు ఏ దశలో ఉన్నాయి, ఏ మీడియంలో ఉన్నాయి అని. మూడు వారాల అలిజారిన్ రెడ్ రంగు పరీక్షలో (పేరుకున్న కాల్షియాన్ని ఎర్రగా చూపేది) మాత్రం రన్‌కీ రన్‌కీ తేడా మరీ ఎక్కువ ఉండి ఏ మాటా చెప్పలేని పరిస్థితి, మీడియంలో కలిపే సీరం బ్యాచ్ మధ్యలో మారడం కూడా ఒక కారణం, అది మా ప్లానింగ్ లోపమే.

మరి ఆస్పత్రుల్లో వాడే యంత్రాలో?

ఈ ఫలితం చెప్పగానే ఆర్థోపెడిక్స్‌లో ఉన్న మిత్రులు అడిగిన ప్రశ్న ఇదే: అయితే అవన్నీ దండగా? నేను అలా అనలేదు. మేం వాడింది 50 హెర్ట్జ్ సైన్ తరంగం. చికిత్సలో వాడేది పల్సులు, 15 హెర్ట్జ్ చుట్టూ గుంపులు గుంపులుగా వచ్చేవి. రెండింటినీ 'తక్కువ ఫ్రీక్వెన్సీ, ఒకటి రెండు మిల్లీటెస్లాలు' అని ఒకే గాటన కట్టేస్తారు, అక్కడే మోసం. కణానికి తగిలే విద్యుత్ క్షేత్రం ఫీల్డ్ ఎంతుంది అన్నదాని మీద కాదు, ఎంత వేగంగా మారుతోంది అన్నదాని మీద ఆధారపడుతుంది. మా సైన్ తరంగంలో ఆ వేగం గరిష్ఠంగా సెకనుకి 0.27 టెస్లా. 200 మైక్రోసెకన్లలో రెండు మిల్లీటెస్లాలకి ఎక్కే పల్సులో సెకనుకి 10 టెస్లాలు. దాదాపు 37 రెట్లు! మా ఫలితం ఆ పల్సుల గురించి ఏమీ చెప్పదు, చెప్పిందని ఎవరైనా రాస్తే అది తప్పు.

కానీ రోగుల మీద జరిగిన పరీక్షల చరిత్రలో మా కథే కనిపించడం నన్ను కదిలించింది. మొదట్లో వచ్చిన గొప్ప ఫలితాల్లో చాలావాటికి డమ్మీ యంత్రం లేదు. 1984లో బార్కర్ బృందం 'లాన్సెట్'లో ఒక చిన్న ట్రయల్ ప్రచురించింది. కాలి ఎముక అతుక్కోని 16 మంది, సగానికి అటూ ఇటూగా అసలు యంత్రం, మిగతావాళ్లకి చూడటానికి అలాగే ఉండే డమ్మీ, అందరికీ ఒకే తీరు పిండికట్టు, కాలి మీద బరువు మోపకూడదన్న ఒకే నియమం. అసలు యంత్రం పెట్టుకున్న 9 మందిలో 5గురికి అతుక్కుంది. డమ్మీ పెట్టుకున్న 7గురిలోనూ 5గురికి అతుక్కుంది. కదలకుండా ఉంచడం అనే చికిత్స రెండు వైపులా పనిచేస్తోంది, ఇన్నాళ్లూ ఆ పుణ్యం యంత్రం ఖాతాలో పడింది. మా 12.5 వాట్ల లాగే.

అక్కడితో అయిపోలేదు. 1990లో షారర్డ్, ఆలస్యంగా మానుతున్న 45 కాళ్ల మీద 12 వారాలు, రోజుకి 12 గంటలు, డమ్మీతో పోల్చి చేసిన ట్రయల్‌లో అసలు యంత్రం వైపు స్పష్టమైన మెరుగుదల వచ్చింది. 2011లో ఆస్ట్రేలియాలో ఏడీ బృందం 259 మంది మీద, అప్పుడే విరిగిన కాళ్ల మీద, డమ్మీతో పోల్చి చేస్తే రెండో ఆపరేషన్ అవసరం తగ్గలేదు. 2016లో అలీమ్ బృందం డమ్మీతో పోల్చిన 15 ట్రయల్స్ కలిపి చూస్తే ఎక్స్‌రేలో అతుక్కోకపోవడం 35 శాతం తగ్గిందని తేలింది, కాకపోతే రోగి నడక, పనులు మెరుగుపడ్డాయని చెప్పడానికి ఆధారం దొరకలేదు. కొత్తగా విరిగిన ఎముక వేరు, నెలల తరబడి మొండికేసిన ఎముక వేరు, అని నేను వీటిని చదువుకుంటాను. ఆ యంత్రాన్ని రోజుకి పదేసి గంటలు కాలికి కట్టుకుని కూర్చునే మనిషికి, అది నిజంగా ఏం చేస్తుందో తెలుసుకునే హక్కుంది.

ప్రస్తుతం పల్సులతో అదే పని మొదలుపెట్టాం. అదే జంట తీగల కాయిళ్లు, ఈసారి పల్స్ జనరేటర్‌తో, తరంగం ఆకారం ప్రతి రన్ ముందూ వెనకా ఆసిలోస్కోప్‌లో ఫోటో తీసి పెడుతున్నాం. ఫీల్డ్‌ని ప్లేట్‌కి నిలువుగా ఇచ్చే రన్లు కొన్ని, కాయిల్‌ని పక్కకి పడుకోబెట్టి ప్లేట్‌కి సమాంతరంగా ఇచ్చే రన్లు కొన్ని. పడుకోబెట్టినప్పుడు అయస్కాంత క్షేత్రం అంతే ఉంటుంది కానీ మీడియం లోతు రెండు మిల్లీమీటర్లే కాబట్టి కణాలకి తగిలే విద్యుత్ క్షేత్రం దాదాపు ఎనిమిదో వంతుకి తగ్గుతుంది. రెండు పద్ధతుల్లోనూ ఒకేలా స్పందిస్తే పని చేసేది అయస్కాంత క్షేత్రమే, నిలువుగా ఇచ్చినప్పుడే స్పందిస్తే విద్యుత్ క్షేత్రం. సీరం మాత్రం మొత్తం సరిపడా ఒకే బ్యాచ్ ముందే తెచ్చి ఫ్రీజర్లో పెట్టాం.

ఎనిమిది రన్లు రాసి పెట్టుకున్నాం, మూడు అయ్యాయి. మా స్టూడెంట్ ఉదయం రాగానే ముందు థర్మిస్టర్ రీడింగులు రెండూ నోట్‌బుక్‌లో రాసి, తర్వాత లేజర్ వేసి చుక్క చూసి, ఆ తర్వాతే ప్లేట్ల జోలికి వెళుతోంది. మూడో రన్‌లో 'బి' ప్లేట్లు బాగా ముదురుగా కనబడ్డాయి. ఇద్దరం చూశాం, ఇద్దరం ఏమీ అనలేదు. కవర్ ఎనిమిదో రన్ అయ్యాకే తెరుస్తాం.